ప్లాంటు సభ్యులది, గ్యాసు ఎవరిది?

2021 మార్చి 1న హ్యూస్టన్‌లోని దివాలా న్యాయస్థానంలో ఒక పిటిషన్ దాఖలైంది. వేసింది లాభాల కోసం పుట్టిన కంపెనీ కాదు. మధ్య, ఉత్తర టెక్సాస్ పల్లెలకు కరెంటు తేవడానికి 1941లో ఏర్పడిన బ్రాజోస్ ఎలక్ట్రిక్ పవర్ కోఆపరేటివ్. ఆ ఫిబ్రవరి మొదటి వారం దాకా అది నిలకడగా నడుస్తున్న సంస్థ. మూడో వారంలో మంచు తుపాను వచ్చింది. ఆ ఏడు రోజులకు రాష్ట్ర గ్రిడ్ నిర్వాహక సంస్థ ఎర్కాట్ పంపిన బిల్లులు 210 కోట్ల డాలర్లు. 2020 సంవత్సరం మొత్తానికి సభ్యులకు విద్యుత్తు సమకూర్చడానికి బ్రాజోస్ పెట్టిన ఖర్చు 77.4 కోట్ల డాలర్లు మాత్రమే. ఏడాది ఖర్చుకు మూడు రెట్లకు దగ్గరగా, ఒక్క వారంలో, నెత్తిన పడింది.

సొంత విద్యుత్ కేంద్రాలు లేక బ్రాజోస్ మునగలేదు. జాక్ కౌంటీలో 1,200 మెగావాట్లకు పైబడిన గ్యాస్ ప్లాంటు ఉంది. జాన్సన్ కౌంటీలోని క్లెబర్న్‌లో మరొకటి ఉంది. పాలో పింటో కౌంటీలో అంతకంటే పాత గ్యాస్ యూనిట్లు ఉన్నాయి. ఆ ప్రాంతం కిందనే బార్నెట్ షేల్ ఉంది. అమెరికాలో రాతిపొరల నుంచి గ్యాసు పిండడం పెద్దఎత్తున మొదలైంది అక్కడే. కాళ్ల కింద గ్యాసు, కళ్ల ముందు ప్లాంటు ఉన్న సంఘం దివాలా ఎలా తీసింది? సహకార సంఘం ఒక గ్యాస్ ప్లాంటుకు యజమాని కావడం అంటే దేనికి యజమాని కావడం, దేనికి కాకపోవడం? సహకార విద్యుత్తును ఇష్టపడేవారు ఈ ప్రశ్నను మిగతావారికంటే ముందుగా, గట్టిగా వేసుకోవాలి.

తెలుగువారికి విద్యుత్ సహకార సంఘం కొత్తది కాదు. సిరిసిల్లలో ‘సెస్’ (సహకార విద్యుత్ సరఫరా సంఘం) అంటే ఏమిటో ఎవరినీ అడగనక్కరలేదు. అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల జాతీయ సమాఖ్య నిపుణుల సలహాతో, గ్రామీణ విద్యుదీకరణ సంస్థ అప్పుతో, దేశంలో ప్రయోగాత్మకంగా మొదలైన అయిదు సంఘాల్లో అది ఒకటి. మిగిలినవి కర్ణాటకలోని హుకేరి, గుజరాత్‌లోని కోడినార్, మహారాష్ట్రలోని ములా ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో దగ్గరిది. ఆ తర్వాత ఆంధ్రలో అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం సంఘాలు వచ్చాయి. కాబట్టి టెక్సాస్ పద్ధతికీ సిరిసిల్ల పద్ధతికీ బంధుత్వం ఉంది. కరెంటు వాడుకునేవాడే సభ్యుడు, సభ్యులే డైరెక్టర్లను ఎన్నుకుంటారు, మిగులు వస్తే అది సభ్యులదే.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. సెస్ కరెంటును టోకున డిస్కమ్ దగ్గర కొని పంచుతుంది, తాను తయారుచేయదు. అమెరికాలో సహకార సంఘాలు రెండు అంతస్తులుగా పెరిగాయి. కింది అంతస్తులో ఊళ్లకు తీగలు వేసి, మీటర్లు చూసి, బిల్లులు వసూలు చేసే పంపిణీ సంఘాలు ఉంటాయి. వాటిలో కొన్ని కలిసి పై అంతస్తులో ఉత్పత్తి, ప్రసార సంఘాన్ని పెట్టుకుంటాయి. పై సంఘానికి వాటాదారులు కింది సంఘాలే, కింది సంఘాలకు వాటాదారులు వినియోగదారులే. బ్రాజోస్ పై అంతస్తు సంఘం. దివాలా నాటికి దాని కింద 16 పంపిణీ సంఘాలు, వాటి కింద 68 కౌంటీల్లో 15 లక్షల మందికి పైగా ప్రజలు ఉన్నారు.

ఈ నిర్మాణాన్ని నిలబెట్టేది దీర్ఘకాలిక ఒప్పందం. మాకు కావలసిన విద్యుత్తంతా నీ దగ్గరే కొంటాం అని కింది సంఘాలు దశాబ్దాలకు రాసిస్తాయి. ఆ రాతే పై సంఘానికి ఆస్తి. దాన్ని చూపించే కేంద్ర ప్రభుత్వ గ్రామీణ పథకం దగ్గరా, సహకార బ్యాంకుల దగ్గరా, బాండ్ల మార్కెట్లోనూ తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి ప్లాంట్లు కడుతుంది. లాభం తీసుకునే పెట్టుబడిదారు లేడు కనుక కరెంటు అసలు ఖర్చుకే దొరుకుతుంది. ఈ ఏర్పాటు 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ యంత్రాంగాన్ని పెట్టిన నాటి నుంచి అమెరికా పల్లెల రూపురేఖలు మార్చేసింది. అప్పట్లో ఆ దేశపు పొలాల ఇళ్లలో పదింట ఒక్క దానికే కరెంటు ఉండేది. ఊరికి నాలుగు ఇళ్లున్న చోట స్తంభాలు పాతితే గిట్టదని ప్రైవేటు కంపెనీలు పక్కకు తప్పుకున్నాయి. రైతులు తలా కొంత వేసుకుని, ప్రభుత్వ అప్పుతో తామే పాతుకున్నారు. 1950ల మొదటికి పదింట తొమ్మిది పొలాలకు వెలుగు వచ్చింది. గడిచిన శతాబ్దంలో సామాన్యులు కలిసి సాధించిన పెద్ద పనుల్లో ఇదొకటి.

బ్రాజోస్ సంఘం పుట్టింది గ్యాసు కోసం కాదు, నీటి కోసం. బ్రాజోస్ నది మీద పోసమ్ కింగ్‌డమ్ దగ్గర కట్టిన ఆనకట్ట నుంచి వచ్చే జలవిద్యుత్తును పల్లెలకు చేర్చడం దాని మొదటి పని. ఇళ్లలో ఫ్రిజ్‌లు, ఆ తర్వాత ఏసీలు వచ్చాక ఏటి నీళ్ల కరెంటు ఏ మూలకూ సరిపోలేదు. అప్పుడు ఆవిరి టర్బైన్లు, వాటికి ఇంధనంగా గ్యాసు వచ్చాయి. 1978లో అమెరికా కాంగ్రెస్ కొత్త విద్యుత్ కేంద్రాల్లో గ్యాసు వాడకాన్ని దాదాపుగా నిషేధిస్తూ చట్టం చేసింది, గ్యాసు అయిపోతోందన్న భయంతో. 1987లో ఆ ఆంక్షలు ఎత్తేశారు. తర్వాత బార్నెట్ షేల్ వచ్చింది. అయిపోతుందనుకున్నది కాళ్ల కిందనే పుష్కలంగా ఉందని తేలేసరికి సహకార సంఘాలు కూడా గ్యాసు వైపు మళ్లాయి. ఆ రోజుల్లో అది తప్పు నిర్ణయం కాదు.

అందుకు సాంకేతిక కారణం కూడా బలమైనదే. జాక్ కౌంటీలో ఉన్నది కంబైన్డ్ సైకిల్ ప్లాంటు. గ్యాసును మండించి, విమానం ఇంజను లాంటి టర్బైనును తిప్పి ఒక దఫా కరెంటు తీస్తారు. దాని నుంచి వెలువడే పొగ ఇంకా దాదాపు 600 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఆ వేడితో నీటిని ఆవిరి చేసి రెండో టర్బైను తిప్పుతారు. ఒక్క టర్బైనే ఉన్న ప్లాంటు ఇంధనంలోని శక్తిలో 35 నుంచి 40 శాతాన్ని కరెంటుగా మారిస్తే, రెండంచెల ప్లాంటు 50 దాటుతుంది, కొత్తవి 60 దాకా వెళతాయి. బొగ్గు ప్లాంటు కంటే తక్కువ స్థలం, తక్కువ నీళ్లు, యూనిట్‌కు సగం కార్బన్. పైగా కావాలన్నప్పుడు త్వరగా పెంచవచ్చు, వద్దన్నప్పుడు తగ్గించవచ్చు.

సొంత ప్లాంటు ఉండడంలో అసలు లాభం ఇంకోటి. టెక్సాస్‌లో 2000ల మొదట్లో విద్యుత్తు బహిరంగ మార్కెట్ అయింది. తయారుచేసినదంతా ఎర్కాట్ నడిపే మార్కెట్లో అమ్మాలి, సభ్యులకు కావలసినదంతా అదే మార్కెట్లో కొనాలి. ఇంట్లో పండిన ధాన్యం యార్డులో అమ్మి, అదే యార్డులో బియ్యం కొనుక్కోవడం లాంటిది ఇది. పంట సరిగా ఉన్నంతకాలం యార్డు ధర ఎంత ఎగిరినా ఫరవాలేదు. కొనే ధర పెరిగితే అమ్మే ధర కూడా పెరుగుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ప్లాంటు గొప్పదనం అది ఇచ్చే యూనిట్లలోనే కాదు, ధర పిచ్చెక్కినప్పుడు అది అడ్డంపెట్టే గొడుగులో ఉంది. అయితే ఆ గొడుగు వాన పడే రోజున తెరుచుకోవాలి.

2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున రెండు గంటలకు కాస్త ముందు టెక్సాస్ గ్రిడ్ పౌనఃపున్యం 59.4 హెర్ట్జ్ కిందికి జారింది. అక్కడ ఉండాల్సింది 60. ఆ గీత కింద తొమ్మిది నిమిషాలు ఉంటే మిగిలిన జనరేటర్లు తమను తాము కాపాడుకోవడానికి వరసగా విడిపోతాయి, రాష్ట్రమంతా చీకటవుతుంది, తిరిగి నిలబెట్టడానికి వారాలు పట్టవచ్చు. ఆ రాత్రి గ్రిడ్ ఆ గీత కింద 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. నియంత్రణ గదిలో ఉన్నవారు వేల మెగావాట్ల లోడ్ తెంచి దాన్ని బయటపడేశారు. కోత చివరికి 20,000 మెగావాట్లకు చేరింది. 45 లక్షల ఇళ్లకు పైగా చీకట్లో, గడ్డకట్టే చలిలో ఉండిపోయాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం ఈ తుపాను కారణంగా 246 మంది చనిపోయారు. బిల్లుల గురించి రాసే ఏ విశ్లేషణ అయినా ఈ అంకెను దాటి ముందుకు పోకూడదు.

అన్ని రకాల ప్లాంట్లూ ఆ వారం దెబ్బతిన్నాయి. గాలిమరలూ ఆగాయి, ఒక అణు యూనిట్ కూడా ఆగింది. కానీ తర్వాత కేంద్ర నియంత్రణ కమిషన్, గ్రిడ్ విశ్వసనీయత సంస్థ కలిసి చేసిన విచారణలో, ఆగిపోయిన, ఉత్పత్తి తగ్గిన, మొదలుకాని యూనిట్లలో 58 శాతం గ్యాస్ యూనిట్లేనని తేలింది. ఆగిన సందర్భాల్లో 44 శాతానికి గడ్డకట్టడం కారణం. 31 శాతానికి ఇంధనం అందకపోవడం కారణం, అందులోనూ అత్యధికం గ్యాసు రాకపోవడమే.

గడ్డకట్టడం అంటే టర్బైను గడ్డకట్టడం కాదు. దక్షిణాది ప్లాంట్లను ఎండకాలాన్ని దృష్టిలో పెట్టుకుని కడతారు. బాయిలర్లు, గొట్టాలు, కొన్నిచోట్ల టర్బైన్లు కూడా గోడలు లేకుండా ఆరుబయటే ఉంటాయి, వేడి బయటికి పోవాలి కాబట్టి. ఆవిరి పీడనాన్ని కొలిచే పరికరానికి వేలు లావు కూడా లేని సన్నటి గొట్టం ఒకటి వెళుతుంది. అందులో నీరు నిలిచి ఉంటుంది, కదలదు. కదలని నీరు ముందుగా గడ్డకడుతుంది. పరికరం తప్పు అంకె చూపిస్తుంది, కంప్యూటర్ ప్రమాదమని నమ్మి యూనిట్‌ను ట్రిప్ చేస్తుంది. వందల మెగావాట్ల యంత్రం ఏ లోపమూ లేకుండా, చిటికెడు మంచుకు ఆగిపోతుంది. గొట్టానికి చుట్టే వేడి తీగ, పైన ఊలు లాంటి తొడుగు ఉండి ఉంటే ఆగదు. ఈ సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. 2011 ఫిబ్రవరి చలిలో ఇదే టెక్సాస్‌లో ఇదే జరిగింది, నివేదికా వచ్చింది, సిఫార్సులూ వచ్చాయి. వాటిని తప్పనిసరి చేయలేదు. ఆ పదేళ్ల నిర్లక్ష్యమే అన్నిటికంటే బాధించే విషయం.

ఇంధనం వైపు కథ మరీ విచిత్రం. గ్యాసు బావి నుంచి గ్యాసుతో పాటు నీరూ వస్తుంది. బావి తల దగ్గర ఆ నీరు గడ్డకట్టి దారి మూసేసింది. రోడ్లు మంచుతో జారిపోతుంటే బావి నీళ్లు తోడుకెళ్లే లారీలు రాలేదు. అది ఒక వరస. గ్యాసును గొట్టాల్లో ముందుకు తోసే కంప్రెసర్లు, శుద్ధి కేంద్రాలు చాలావరకు కరెంటుతో నడుస్తాయి. వాటిలో అనేకం తమను అత్యవసర లోడుగా నమోదు చేయించుకోలేదు. గ్రిడ్‌ను కాపాడటానికి కోత పెట్టినప్పుడు ఆ కోత వెళ్లి కంప్రెసర్ల మీద కూడా పడింది. కరెంటు లేక గ్యాసు ఆగింది, గ్యాసు లేక కరెంటు ఆగింది. రెండు వ్యవస్థలూ ఒకదాని మెడ ఒకటి పట్టుకుని లోతుకు దిగాయి.

ఇక్కడే యాజమాన్యం హద్దు కనిపిస్తుంది. సహకార సంఘం ప్లాంటును కొనుక్కుంది, భూమిని కొనుక్కుంది, లైన్లు వేసుకుంది. బావి దానిది కాదు. శుద్ధి కేంద్రం, కంప్రెసర్, గొట్టం ఏవీ దానివి కావు. దాని చేతిలో ఉన్నది గ్యాసు ఒప్పందం అనే కాగితం. ఆ కాగితాల్లో రెండు జాతులు. గొట్టంలో చోటు ఎప్పుడూ తప్పనిసరిగా ఇవ్వాల్సినది ఒకటి, ఖాళీ ఉంటేనే ఇచ్చేది రెండోది. మొదటిదానికి గ్యాసు తీసుకున్నా తీసుకోకపోయినా ఏడాది పొడవునా అద్దె కట్టాలి. ఏడాదిలో కొన్ని వందల గంటలే నడిచే యూనిట్‌కు ఆ అద్దె భారమని చాలామంది రెండోదానితో సరిపెట్టుకుంటారు. మొదటిది ఉన్నా, విపత్తు వస్తే సరఫరా ఇవ్వనక్కరలేదనే దైవఘటన క్లాజు ఒకటి ఉంటుంది. ఆ వారం చాలామంది గ్యాసు అమ్మకందారులు ఆ క్లాజు చూపించి చేతులెత్తేశారు. దొరికిన గ్యాసు ధర మామూలుకు వందరెట్లు పలికింది. బొగ్గు ప్లాంటు అయితే యార్డులో నెల రోజుల కుప్ప ఉంటుంది, అణు ప్లాంటు అయితే ఏడాదిన్నర ఇంధనం రియాక్టరులోనే ఉంటుంది. గ్యాస్ ప్లాంటుకు మాత్రం వంటింట్లో బియ్యం డబ్బా ఉండదు. ఏ పూటకు ఆ పూట గొట్టంలోంచి రావాలి.

ఇక ధర. సరఫరా చాలనప్పుడు ధర పెరిగితే ఉత్పత్తిదారులు పరుగెత్తుకొస్తారన్నది టెక్సాస్ మార్కెట్ సిద్ధాంతం. అందుకు గరిష్ఠ పరిమితి మెగావాట్ గంటకు 9,000 డాలర్లు. కోతలు పెడుతున్నా ధర ఆ పరిమితికి చేరడం లేదని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ జోక్యం చేసుకుని, ధరను 9,000 దగ్గర నిలబెట్టమని ఆదేశించింది. అది ఫిబ్రవరి 19 దాకా, సుమారు నాలుగు రోజులు, అక్కడే నిలిచింది. యూనిట్ లెక్కన చెప్పుకుంటే 9 డాలర్లు, అప్పటి మారకంలో 650 రూపాయల పైమాట. అంతకు ముందు ఏడాది అదే మార్కెట్లో సగటు ధర యూనిట్‌కు రెండున్నర సెంట్ల చుట్టూ ఉంది, అంటే రెండు రూపాయల లోపు.

గొడుగు తెరుచుకోకపోవడం అంటే ఏమిటో ఒక ఊహా లెక్క చెబుతుంది. సంఘానికి 500 మెగావాట్ల ప్లాంటు ఉందనుకుందాం. అది ఆగిపోయింది. గంటకు 5 లక్షల యూనిట్లు బయట కొనాలి. యూనిట్ 9 డాలర్లయితే గంటకు 45 లక్షల డాలర్లు, రోజుకు 10.8 కోట్లు. మామూలు రోజున అదే కరెంటు రోజుకు మూడు లక్షల డాలర్లకు వచ్చేది. గోరుచుట్టు మీద రోకటి పోటు ఏమిటంటే, ఎదుటివాడి ప్లాంటు నడుస్తూ ఉంటే ఆ డబ్బు వాడికి పోతుంది. ఆ నాలుగు రోజుల్లో టెక్సాస్‌లో గ్యాసు అమ్మినవారు, ప్లాంటు ఆపకుండా నడిపినవారు ఏళ్ల తరబడి రాని ఆదాయం చూశారు. వాళ్లు సంపాదించింది గాలిలోంచి రాలేదు. అది అమ్మలేక కొన్నవాళ్ల బిల్లు.

మార్కెట్‌ను స్వతంత్రంగా గమనించే సంస్థ పొటోమాక్ ఎకనామిక్స్ మార్చి మొదటి వారంలోనే ఒక లేఖ రాసింది. కోతలు ఆగిపోయాక కూడా మరో 33 గంటల దాకా 9,000 ధర కొనసాగించారనీ, దానివల్ల 1,600 కోట్ల డాలర్లు అదనంగా పడ్డాయనీ, వెనక్కి సరిచేయాలనీ చెప్పింది. కమిషన్ ఒప్పుకోలేదు. వివాదం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కమిషన్ ఆదేశాలు చెల్లుతాయని ఆ కోర్టు 2024 జూన్‌లో తేల్చింది. గరిష్ఠ ధరను మాత్రం 2022 మొదటి నుంచి 5,000 డాలర్లకు దించారు. చట్టప్రకారం ధర సరే కావచ్చు. వెలుగు వచ్చాక కూడా చీకటి ధర వసూలు చేయడం న్యాయమని మాత్రం ఏ సభ్యుడికీ నచ్చజెప్పలేరు.

ప్రైవేటు కంపెనీ ఇలాంటి దెబ్బ తింటే మొదట వాటాదారు పెట్టుబడి కరుగుతుంది, తర్వాత అప్పిచ్చినవాడు వస్తాడు, వినియోగదారు దగ్గరికి రావడానికి మధ్యలో కొన్ని గోడలుంటాయి. సహకార సంఘంలో ఆ గోడలు లేవు. వాటాదారూ వినియోగదారూ ఒక్కరే. లాభం తీసుకునే మధ్యవాడు లేకపోవడం మంచిరోజుల్లో ఎంత బలమో, నష్టం భరించే మధ్యవాడు లేకపోవడం చెడ్డరోజుల్లో అంత బలహీనత. 210 కోట్లను 16 సంఘాలకు పంచితే, ఆ సంఘాలు ఇళ్లకు పంచితే, చలిలో వణికిన కుటుంబానికే ఆ చలి ఖర్చు కూడా వెళుతుంది. బ్రాజోస్ బోర్డు అలా చేయబోమని చెప్పి న్యాయస్థానానికి వెళ్లింది. మిగులు నుంచి పోగైన సభ్యుల మూలధనం, దశాబ్దాల పేరు, అన్నీ పణంగా పెట్టిన నిర్ణయం అది. సహకార సంఘానికి అది అవమానమని కొందరన్నారు. సభ్యుల ఇళ్ల మీదికి బిల్లు తోసేయడం కంటే అది ఎక్కువ సహకార ధర్మం అనిపిస్తుంది.

2022 నవంబరులో న్యాయస్థానం పునర్వ్యవస్థీకరణ ప్రణాళికను ఆమోదించింది. ఎర్కాట్‌కు 140 కోట్ల డాలర్ల చుట్టూ చెల్లించేలా రాజీ కుదిరింది. ఆ డబ్బు సమకూర్చడానికి బ్రాజోస్ తన విద్యుత్ కేంద్రాలను అమ్మి, ఇకపై ప్రసార లైన్లు నడిపే సంఘంగా మాత్రమే మిగలాలి. సభ్యుల సొంత ప్లాంట్ల కథ అక్కడ ముగిసింది. గొడుగు ఒకసారి తెరుచుకోలేదని గొడుగునే వదులుకోవాల్సి వచ్చింది.

పక్కనే ఉన్న రేబర్న్ సంఘం ఇదే తుపానులో ఇలాగే దెబ్బతిని వేరే దారి పట్టింది. 2021లో టెక్సాస్ శాసనసభ విద్యుత్ సహకార సంఘాల కోసం ప్రత్యేక చట్టం చేసి, తుపాను ఖర్చును బాండ్లుగా మార్చి దీర్ఘకాలంలో తీర్చుకునే వీలు కల్పించింది. రేబర్న్ 2022లో 90.8 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి బాకీ కట్టేసింది. ఆ వారపు చలికి సభ్యులు దశాబ్దాల పాటు నెలనెలా కొంచెం కొంచెం కడుతూ ఉంటారు, తుపాను నాటికి పుట్టని పిల్లలు కూడా పెద్దయి కడతారు. ఆ తర్వాత రేబర్న్ చేసిన పని ఆలోచింపజేసేది. షెర్మన్ పట్టణం దగ్గర ఉన్న 758 మెగావాట్ల గ్యాస్ ప్లాంటును కొనుక్కుంది. తుపానులో వాళ్లకు అర్థమైనది ప్లాంటు వద్దని కాదు, మార్కెట్ దయ మీద బతకకూడదని. బ్రాజోస్ అమ్ముతున్నప్పుడు రేబర్న్ కొంటోంది. ఇద్దరిలో ఎవరిది సరైన దారో చెప్పాలంటే ఒకటే చూడాలి. ఆ ప్లాంటుకు గ్యాసు ఏ గొట్టం నుంచి, ఏ హామీతో, ఏ నిల్వతో వస్తుంది? పక్కన డీజిల్ ట్యాంకు ఉందా? ఆ సన్నటి గొట్టానికి వేడి తీగ చుట్టారా? అదే 2021లో వచ్చిన మరో చట్టం తర్వాత విద్యుత్ కేంద్రాలకు చలి ఏర్పాట్లు తప్పనిసరి అయ్యాయి, ముఖ్యమైన గ్యాసు కేంద్రాలకు కూడా. ఆ దారిలో ఇది పెద్ద మెట్టు.

గ్యాసు రాకపోతే ప్లాంటు ఏమవుతుందో ఆంధ్రకు టెక్సాస్ చెప్పనక్కరలేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో డి6 క్షేత్రం 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లింది. ఆ గ్యాసును నమ్ముకుని వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి, పెద్దాపురం, రావులపాలెం, సామర్లకోట వైపు వేల మెగావాట్లు కట్టారు, విస్తరించారు. ఉత్పత్తి ఊహించినదానికంటే వేగంగా పడిపోయింది. 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ క్షేత్రం నుంచి గ్యాసు ఆగిపోయింది. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కోసం తెచ్చిన యంత్రాలు అక్కడ వాణిజ్యంగా ఒక్క యూనిట్ కూడా ఇవ్వలేదు, వాటిలో కొన్ని బంగ్లాదేశ్‌కు తరలాయి. దేశం మొత్తం మీద గ్యాసు లేక నిలిచిపోయిన సామర్థ్యం 14,305 మెగావాట్లని పార్లమెంటు స్థాయీ సంఘం 2019లో లెక్క చెప్పింది. గోదావరి ఒడ్డున, గ్యాసు బావులకు కూతవేటు దూరంలో కూడా ప్లాంటు ఎండిపోగలదు. అక్కడ నష్టం కంపెనీలకూ, ఎక్కువగా ప్రభుత్వ బ్యాంకులకూ పోయింది. అదే ప్లాంటు సిరిసిల్ల సంఘంలాంటిది కట్టుకుని ఉంటే మరమగ్గాల కార్మికుడి బిల్లులోకి నేరుగా వచ్చేది.

గ్యాసు కూడా తమదే అయితే? దీనికి బదులు అలాస్కాలో ఉంది. ఆంకరేజ్ నగరానికి కరెంటిచ్చే చుగాచ్ ఎలక్ట్రిక్ అసోసియేషన్ కూడా సభ్యుల సహకార సంఘమే, 1948లో పుట్టింది. 90,000 మందికి పైగా సభ్యులున్న ఆ సంఘం కరెంటులో అత్యధిక భాగం కుక్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ ప్రాంతపు గ్యాసు నుంచే. రోడ్డు కూడా లేని ఒడ్డున, బెలూగా నది గ్యాసు క్షేత్రం పక్కనే 1960ల చివర్లో ప్లాంటు కట్టుకుంది. 2016లో ఇంకో అడుగు వేసి ఆ క్షేత్రంలోనే పదో వంతు వాటా కొంది. 2020లో నగరపాలక సంస్థ నడిపే విద్యుత్ సంస్థను దాదాపు వంద కోట్ల డాలర్లకు కొన్నప్పుడు దాని వాటా కూడా కలిసి, ఇప్పుడు క్షేత్రంలో మూడింట రెండు వంతులు సభ్యులది. శీతాకాలపు అవసరానికి కీనై ద్వీపకల్పంలో ఖాళీ అయిన పాత గ్యాసు పొరలోకే వేసవిలో గ్యాసు ఎక్కించి దాచే నిల్వ కూడా 2012 నుంచి ఉంది. బావి, నిల్వ, ప్లాంటు, తీగ, మీటరు ఒకే సంఘం చేతికి అందే చోట్లు లోకంలో అరుదు. బ్రాజోస్‌కు లేని బియ్యం డబ్బా చుగాచ్‌కు ఉంది.

అయినా ఆ డబ్బా అట్టడుగు కనిపిస్తోంది. బెలూగా క్షేత్రం 1962లో దొరికింది, వయసు మీరింది. అది చుగాచ్ అవసరంలో కొంత మాత్రమే తీరుస్తుంది. మిగతాది ఆ ప్రాంతంలో ప్రధాన ఉత్పత్తిదారైన హిల్‌కార్ప్ నుంచి కొనాలి. ఇప్పుడున్న ఒప్పందాలు ముగిశాక కొత్తగా హామీ ఇవ్వలేనని 2022లో ఆ కంపెనీ అక్కడి సంఘాలన్నిటికీ చెప్పేసింది. చుగాచ్ ఒప్పందం 2028 మార్చితో ముగుస్తుంది. దశాబ్దాల పాటు జపాన్‌కు ద్రవీకృత గ్యాసు ఓడల్లో పంపిన కీనై తీరం ఇప్పుడు అదే గ్యాసును ఓడల్లో దించుకోవడానికి సిద్ధమవుతోంది. ఆ తర్వాత ఆంకరేజ్‌లో ఒక సభ్యుడి బిల్లు ఎంత ఉంటుందన్నది, అతని సొంత బావి కంటే ఎక్కువగా, ఓడ ఎక్కించే దేశంలో ఆ నెల గ్యాసు ధర ఎంత అన్నదాని మీద ఆధారపడుతుంది.